చెప్పుల వరుస

పదకొండో జతను తిప్పిపెట్టి వీరాసామి నడుం నిమురుకున్నాడు. ఎర్ర పట్టీల ఆడచెప్పులు, మడమ దగ్గర అరిగినవి. వచ్చినవాళ్లు ఏటి వైపు నడుస్తూ విడిచేస్తారు గనుక చెప్పుల ముందుభాగం ఎప్పుడూ నీళ్లవైపే ఉంటుంది. అతను వంగి ఒక్కో జతను చేత్తో గట్టువైపు తిప్పి, జతకూ జతకూ మధ్య జానెడు ఎడంతో వరుసగా పేరుస్తాడు. నీళ్లమీదికి వెళ్లినవాడి చెప్పులు ఇంటివైపు చూస్తుండాలని అతని తండ్రి అనేవాడు. పాదాలు ఎటు రావాలో వాటికి గుర్తుండాలట.

మే నెల ఆదివారం. మురుంగపాక్కం దాటాక, ఏరు సముద్రంలో కలిసే మొగకు కొంచెం ఎగువన సౌందరరాజన్ కొబ్బరితోట ఉంది. దాని అంచున పలకలు అద్దెకిచ్చే స్థలం పెట్టి ఆయనకు ఇది మూడో ఎండాకాలం. మనిషికి ఒకటిన్నర పొడవు, తలుపురెక్కంత వెడల్పు ఉన్న తేలిక పలకలు అవి. వాటిమీద నిలబడి పొడుగాటి తెడ్డుతో నీళ్లు తోసుకుంటూ పోవాలి. ఎవరో ఫ్రెంచి ఆయన నాలుగు వదిలిపోతే, సౌందరరాజన్ ఇంకో ఎనిమిది తెప్పించాడు. కాలాపేట నుంచి యూనివర్సిటీ పిల్లలు, ఇందిరా నగర్ నుంచి సంసారాలు, బ్యాంకు ఉద్యోగులు ఆదివారమైతే గుంపులుగా వచ్చేవాళ్లు. పడేవాళ్లు పడుతుంటే ఒడ్డునున్నవాళ్లు ఫొటోలు తీసేవాళ్లు. ఈ పొద్దు ఒక గుంపు కేకు కూడా తెచ్చి నీళ్ల అంచున కోసింది. బ్యాంకు ఆయన నాలుగోసారి పడి నోట్లో నీళ్లు ఊస్తుంటే, నేర్పించే గణేశన్ తెడ్డు మీద గడ్డం ఆనించి, "ఏంది సార్, తాగే కొద్దీ ఏరు ఎండిపోతాది, కొంచెం మిగల్చండి" అన్నాడు. అందరితోపాటు వీరాసామీ నవ్వాడు. ఆయన పడటం మాత్రం అతనికి కనిపించలేదు. చప్పుడు వినిపించింది.

అతని చూపు గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. ఎదురుగా ఉన్నది తెలుస్తుంది, పక్కలు లేవు. నిరుడు వానల్లో కంటాసుపత్రి డాక్టరమ్మ, కంటినరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగిరాదనీ, ఉన్నదైనా నిలబడటానికి చుక్కలు వేసుకోమనీ చెప్పింది. ఆ సంగతి ఇంట్లో భార్య మణియమ్మకు తెలుసు. పొద్దున్నే రోడ్డు దాటించి తోట మలుపు దాకా తెచ్చి వదిలేది ఆమే. సాయంత్రం అదే మలుపులో వచ్చి నిలబడేదీ ఆమే. సౌందరరాజన్‌కు తెలియదు.

తెలియకుండా నడుస్తోంది చెప్పులవల్లే. నీళ్లమీద ఎందరున్నారో చూసి లెక్క చెప్పడం వీరాసామి పని. చూడలేడు గనుక వరుసను చూసేవాడు. ఎన్ని జతలుంటే నీళ్లమీద అంతమంది. ఒక జత వరుసలోంచి వెళ్లిపోతే ఒక మనిషి ఒడ్డుకు వచ్చినట్టు. ఎవరైనా గమనిస్తారని అప్పుడప్పుడు నుదుటిమీద చెయ్యి అడ్డం పెట్టుకుని ఏటి వైపు నిలబడేవాడు. వచ్చినవాళ్లతో సౌందరరాజన్ గొప్పగా చెప్పుకునేవాడు, మా వీరాసామిది గద్దకన్ను, రెండేళ్లలో ఒక్క లెక్క తప్పలేదు అని.

తన చెప్పులను అతను ఆ వరుసలో ఎన్నడూ పెట్టలేదు. యాభై తొమ్మిదేళ్లు ఉత్తకాళ్లతో తిరిగినవాడు, నిరుడు కనబడని గాజుపెంకు దిగబడ్డాక మణియమ్మ నీలం రబ్బరు చెప్పులు కొనిపెట్టింది. తెగిన పట్టీకి ఆమే పిన్నీసు గుచ్చింది. వాటిని పలకలు పెట్టే షెడ్డు వెనక దాచి పనిలోకి దిగేవాడు. వరుసలో పెడితే లెక్క చెడుతుందని భయం.

"పది, పదకొండు" అని లోపల అనుకున్నది పైకే వచ్చిందేమో, ఎర్ర పట్టీల చెప్పుల అమ్మాయి నీళ్లలో తేల్చే జాకెట్ బిగించుకుంటూ ఆగింది.

"తెలుగా తాతా? మా ఇంట్లోనూ ఇదే. బయటంతా అరవమే గదా, రాసేదే రాదు."

"మాకు మాత్రం వచ్చునా, పాపా?"

ఎందుకిట్లా తిప్పి పెడతావని అడిగింది. తొడుక్కోను అనువుగా ఉంటుందని ముందు అన్నాడు. ఆమె కదలకపోయేసరికి తండ్రి మాట చెప్పాడు. ఆమె తన చెప్పులను వంగి చూసుకుంది.

"అయితే బాగా చూసిపెట్టు. నేను ఇల్లు చేరకపోతే మా అవ్వ నిన్నే అడగతాది."

స్నేహితురాళ్లు కవిప్రియా, కవిప్రియా అని నీళ్లలోంచి కేకలేస్తుంటే పరుగెత్తింది. గంట తర్వాత తల తడుపుకుని వచ్చి, చెప్పులు తొడుక్కుని, అందరితో కలిసి టీకి వెళ్లిపోయింది. వరుసలో ఆ జాగా ఖాళీ అయింది. ఆమె లెక్క తీరిపోయింది.

మధ్యాహ్నం షెడ్డు నీడలో చద్దన్నం, ఎండుచేప తిన్నాడు. తింటూ పాదం పక్కనున్న వెదురుగడను వేళ్లతో తడిమాడు. పలకలు బురదలో చిక్కుకుంటే తోయడానికి దాన్ని అతనే తెచ్చిపెట్టాడు. ఇరవై ఆరేళ్లు ఇలాంటి గడతోనే ఇదే ఏటిమీద జనాన్ని దాటించాడు. పాలవాళ్లు, సైకిళ్లు, మేకలు, ఒకసారి కాన్పు నొప్పుల మనిషి. పడవ వెనక కొసన, అమరంలో నిలబడి గడ వేస్తే ఏరు అడుగంతా అరచేతికి తెలిసేది, ఎక్కడ బురద, ఎక్కడ ఇసుక, ఎక్కడ రాయి. తర్వాత ఎగువన వంతెన వచ్చింది. దాటేవాళ్లు లేకపోయినా రెండేళ్లు పడవకు తారు పూశాడు. మూడో ఏడు అది కట్టెలకు పోయింది. ఆ మీదట ఇటుకలు మోశాడు, గోడౌన్‌కు కాపలా కాశాడు, ఏ పనీ లేక నాలుగేళ్లు ఇంటి తిన్నెమీద కూర్చున్నాడు. ఆ నాలుగేళ్లలో మణియమ్మతో ఒక్క మాటే గట్టిగా అన్నాడు.

"నన్ను ఎవురో గోడకు ఆనించి పెట్టి, మరిచిపోయి పోయినట్టుండాది మే."

ఈ పని దొరికిన రోజు అతను ఏటి నీళ్లు దోసిలితో తెచ్చి ఇంటి గడపమీద చల్లాడు.

నాలుగు గంటలకు సముద్రపు గాలి లేచింది. సౌందరరాజన్ చేతిలో కాగితంతో పిలిచాడు. రేపు పొద్దున టౌన్ నుంచి సర్కారు మనుషులు వస్తున్నారని, ఒడ్డున కాపలా నిలబడేవాళ్లందరికీ పరీక్ష ఉంటుందని, అది గడిస్తేనే వచ్చే నెల నుంచి పనిలో ఉంచుకోవాలట అని చెప్పాడు.

"ఈత నీకు చెప్పేదేముంది. కంటికి ఒక అట్ట చూపిస్తారంట. అక్షరం రాకున్నా పరవాలేదు, గీతలు యాపక్క తిరిగుండాయో చూపితే చాలు. ఆ పైన చెవుల పక్కన వేళ్లు ఆడించి ఎన్నని అడగతారు. అంతే."

సౌందరరాజన్ సరదాగా తన చెయ్యి వీరాసామి చెవి పక్కన పెట్టి ఆడించాడు. వీరాసామికి గాలి తగిలింది. చెయ్యి లేదు, వేళ్లు లేవు.

"ఎన్ని?"

"ఏంది అయ్యా, మీతో ఆటలు" అని నవ్వాడు వీరాసామి. ఆయన కూడా నవ్వి చెయ్యి తీసేశాడు.

సరిగ్గా అప్పుడే వెనకనుంచి ఎవరో కాలే ఇసుకమీద గెంతుతూ పోయారు. "తాతా, ఈసారి నాకు చెప్పుల్లేవు, బండిలోనే వదిలేసినా. ఏం తిప్పిపెడతావు?" అని నవ్వు వినిపించింది. వీరాసామి అటు తిరిగి తల ఊపాడు. మాట చెవిలో పడింది గానీ లోపలికి పోలేదు. లోపలంతా ఆ కనబడని వేళ్లే ఉన్నాయి. రేపు ఎవరో అడుగుతారు. తను ఏదో ఒక అంకె చెబుతాడు. రెండు అంటే సరిపోతుందా? మూడా?

అయిదు గంటలకల్లా వరుస పలచబడింది. ఆరు జతలు, నాలుగు, రెండు. ఆఖరి జత బ్యాంకు ఆయనవి, తోలు చెప్పులు. ఆయన తొడుక్కుని, వచ్చే వారం నిలబడకపోతే పేరు మార్చుకుంటానని గణేశన్‌తో పందెం వేసి వెళ్లాడు. ఇసుకమీద చెప్పుల గుర్తులే మిగిలాయి.

"అందరూ వచ్చేసినారయ్యా."

"సరి. పలకలు ఎత్తిపెట్టి నువ్వూ బయలుదేరు. రేపు ఎనిమిదికంతా వచ్చేయి. మంచి చొక్కా వేసుకో."

సౌందరరాజన్ ఫోను చెవికి పెట్టుకుని ఆఫీసు గదిలోకి పోయాడు. గణేశన్ బండి చప్పుడు రోడ్డెక్కి సన్నగిల్లింది. వీరాసామి ఒక్కో పలకను మంచినీళ్లతో కడిగి, చంకకెత్తుకుని, షెడ్డు గోడకు ఆనించాడు. కడిగినకొద్దీ లెక్కపెట్టాడు. పన్నెండోదానికి చెయ్యి చాస్తే గాలి తగిలింది. మొదటినుంచి తడిమాడు. పదకొండే.

చెప్పుల్లేవు నాకు, తాతా.

ఇప్పుడు వినబడింది ఆ మాట, పక్కన నిలబడి అన్నంత స్పష్టంగా.

నీళ్ల అంచుకు నడిచాడు. పొద్దు కొబ్బరిచెట్ల వెనక్కి జారింది. గొట్టంలోంచి బూడిదరంగు నీళ్లు కనిపించాయి, వాటి వెనక ఇంకొన్ని బూడిదరంగు నీళ్లు. తల మెల్లగా ఒక పక్కనుంచి ఇంకో పక్కకు తిప్పాడు. నిలబడ్డ మనిషి ఎక్కడా లేదు. ఉన్నా ఆ సన్నటి గొట్టంలో పడాలి కదా. పాపా అని పిలిచాడు. ఆఫీసు గదికి వినబడనంత మెల్లగా.

ఆఫీసు గది ఇరవై అడుగులు. సౌందరరాజన్ ఫోనులో నవ్వుతున్నాడు. పోయి చెబితే ఆయన మొదట అడిగేది ఒకటే, నువ్వు చూడలేదా? అప్పుడు రేపటి పరీక్ష ఈ సాయంత్రమే అయిపోతుంది. తిన్నె, గోడ, మణియమ్మ తెచ్చి ముందు పెట్టే పళ్లెం. గది వైపు రెండు అడుగులు వేశాడు. ఆగాడు. ఆ పిల్ల అవ్వ ఎవరో, ఎక్కడ కూర్చుని ఎదురుచూస్తోందో. పోయి తెచ్చేస్తాను, ఎవరికీ తెలియకముందే తెచ్చేస్తాను అనుకున్నాడు.

నీళ్లలో మోకాలు లోతుకు దిగి నిలబడ్డాడు. పిక్కల వెనకనుంచి నీరు ముందుకు లాగుతోంది. పోటు తగ్గి ఏరు సముద్రంలోకి తీస్తోంది. పడవ మనిషికి ఆ మాత్రం చాలు, నీరు ఎటు లాగితే పడవ అటే పోతుంది. మొగవైపే పోయుంటుంది పిల్ల.

పోబోయి, వెనక్కి వచ్చాడు. షెడ్డు వెనకనుంచి తన చెప్పులు తెచ్చి, వరుస ఉండే చోట, మొదటి జాగాలో పెట్టాడు. గట్టువైపు తిప్పాడు. పలకను నీళ్లలోకి జార్చి, గడ అందుకుని ఎక్కాడు.

రెండేళ్లుగా కడిగిన పలకమీద అతను నిలబడటం అదే మొదలు. పాదాల కింద అది పడవలా లేదు, బతికున్న చేపలా కదిలింది. మోకాళ్లు వంచి గడ దించాడు. మెత్తటి బురద. తోశాడు. ఏరు అరచేతిలోకి వచ్చేసింది, పద్దెనిమిదేళ్ల తర్వాత. ఇక్కడ పాత రేవు రాయి, ఇక్కడ వలలవాళ్ల గుంజ. పాపా, పాపా అని ఇప్పుడు గట్టిగానే పిలుస్తూ పోయాడు. బురద అయిపోయి ఇసుక తగిలింది. ముందు అలల మోత పెరిగింది. మొహాన ఉప్పు తుంపర కొట్టింది. గడ మళ్లీ దించాడు. కింద నేల అందలేదు.

ఆ సమయానికి కవిప్రియ వంతెన కింద ఒడ్డెక్కి తుమ్ముతోంది. నీరు మొగవైపు లాగినా, గాలి సముద్రంనుంచి వీచింది. పడవను నీరు లాగుతుంది. తేలిక పలకమీద నిటారుగా నిలబడ్డ మనిషిని గాలి తోస్తుంది, తెరచాపను తోసినట్టు. పలకమీద ఎన్నడూ నిలబడని వీరాసామికి అది తెలిసే దారి లేదు. ఆమె ఎగువకు కొట్టుకుపోయింది, అంతే. వంతెనమీద పోయేవాళ్ల ఫోనులో ఆమె పిలిస్తే, టీ అంగడి దగ్గరే ఉన్న స్నేహితురాళ్లు బండిలో వంతెన దగ్గరికి వచ్చి, పలకను పైన కట్టుకుని, సౌందరరాజన్ గేటుకు తాళం వేస్తుండగా తెచ్చి ఇచ్చారు. ఆయన దాన్ని గేటు లోపల గోడకు ఆనించాడు. లెక్కపెట్టలేదు. లెక్క వీరాసామిది.

తాత ఏడీ అని అడిగింది ఆమె.

"వెళ్లిపోయినాడు. చూడు, చెప్పులు కూడా మరిచిపోయినాడు ముసలాయన." నీళ్ల అంచున ఒంటరి జతను చూపి నవ్వాడు సౌందరరాజన్. ఆమె కూడా చూసింది. చీకటి పడుతోందని స్నేహితురాళ్లు తొందరపెడుతున్నారు. బండి ఎక్కింది.

తోట మలుపులో మణియమ్మ నిలబడింది. గేటుకు తాళం వేసి ఉండటం చూసి, వేరే దారిన ఇంటికి పోయాడేమోనని ఇంటికి నడిచింది. ఇంటినుంచి మళ్లీ గేటుకు. అలా ఎన్నిసార్లో.

తెల్లవారి ఎనిమిదికి సౌందరరాజన్ టౌన్ మనుషులతో కలిసి వచ్చేసరికి ఆమె గేటు పక్కన నేలమీద కూర్చుని ఉంది. ఒళ్లో ఉతికిన తెల్లచొక్కా. మొగ దగ్గర వలలవాళ్లకు ఒక పలక దొరికిందని కబురు అప్పటికింకా రాలేదు. గేటు తెరవగానే ఆమె నేరుగా నీళ్ల అంచుకు నడిచి ఆగిపోయింది. ఏమీ లేదమ్మా, నిన్న చెప్పులు మరిచిపోయి ఉత్తకాళ్లతో పోయినాడు, వస్తాడులే అన్నాడు సౌందరరాజన్.

మణియమ్మ తల అడ్డంగా ఊపింది.

"మరిచిపోలేదయ్యా. నీళ్లమీద మనిషుండాడని పెట్టి పోయినాడు."

ఆయన చుట్టూ చూశాడు. టౌన్ మనుషులు అట్ట విప్పి కొబ్బరిచెట్టుకు మేకు కొడుతున్నారు. ఇసుకమీద నీలం రబ్బరు చెప్పులు, ఒకదానికి పిన్నీసు, రెండూ దగ్గరదగ్గరగా గట్టువైపు తిరిగి ఉన్నాయి. రాత్రి వచ్చిన పోటు నీళ్లు వాటి మడమల గుంటల్లో ఇంకా నిలిచి ఉన్నాయి.