కుట్టిన పుస్తకం

ఊడొచ్చే కాగితాలే కావాలట గైడు సార్‌కి, ఫైలు కొనుక్కో సువర్ణా, రింగు తెరిచామా, పనికిరాని పేజీ తీసేశామా, ఫెయిర్‌గా మళ్లీ రాసుకున్నామా అన్నారు, పనికిరానివంటే మరేవో కాదు, ఆయన గ్రాఫుకి లొంగని ఆమె రీడింగులే, మూడుసార్లు చేసినా మొండిగా అలాగే వచ్చినవి, ఆడలేనమ్మ మద్దెల ఓడందట, గ్రాఫు కుదరక నీ చెయ్యి వణికిందన్నారు, వణకలేదు, ఇప్పుడూ వణకట్లేదు, కాలేజ్ స్ట్రీట్‌లో ఈ కొట్టు ముందు చెమటలు కక్కుతూ ఒక చేత్తో రింగు ఫైలు, ఇంకో చేత్తో గట్టి అట్టల కుట్టు పుస్తకం పట్టుకుని నిలబడింది సువర్ణ, దీని ప్రతి పేజీకీ నంబరు అచ్చేసి ఉంది, ఒకటి చింపితే పక్కది ఊరుకోదు, కొట్టు బెంగాలీ దాదా విసుక్కుంటున్నాడు, ఏది దీదీ, రీసెర్చివాళ్లంతా ఫైలే పట్టుకెళ్తారు, పట్టుకెళ్లరూ మరి, బళ్లో నేర్పిందీ అదేగా, ముందు రఫ్, ఆనక ఫెయిర్ రికార్డు, రీడింగు రాకపోతే జవాబు దగ్గర్నుంచి వెనక్కి లెక్క కట్టి రాసెయ్, పదికి పది, ఛీ.

అమ్మకి ఫెయిర్ రికార్డు తెలీదు, తెల్లారకుండా ఈ ఊళ్లోనే వీధి ఊడ్చేది, హాజరు వేసే గుమస్తా బాబు పెన్సిల్‌తో టిక్కు పెట్టేవాడు, సాయంత్రానికి అది చెరిగి అమ్మ పేరు దగ్గర, అప్పమ్మ రాలేదని ఉండేది, వీధి మాత్రం శుభ్రంగానే ఉండేది, ఎవరూ ఊడవకుండానే, ఒకరోజు చీపురు అడ్డంపెట్టి నిలబడింది, ఏటి దాదా, పెన్సిల్తో రాస్తావేటి, పెన్నట్టుకో, నువ్వు రాసీదాకా నానిక్కణ్ణుంచి కదల్ను, అందరూ నవ్వారు, అమ్మ కదల్లేదు, వాడు రాశాడు.

సార్ సంతకం పెట్టనంటారేమో, పీహెచ్‌డీ ఏడాది వెనక్కి పోతుందేమో, పోనీ, అయినా ఇంతసేపు చెయ్యి ఆడనిది సార్ భయం వల్ల కాదు, కుట్టిన పుస్తకంలో తన తప్పులూ ఉండిపోతాయి, తప్పు తూకం, ఒలకబోసిన ఆమ్లం, ఒక్క గీత కొట్టి పక్కన తేదీ వేసి సంతకం పెట్టాలి, చెరపడానికి లేదు, అందరూ చూస్తారు, చూడనీ, కొంపలేం మునగవు, ఫైలు బల్ల మీద పడేసి, దాదా, పెన్నివ్వండి అంది, అక్కడే అట్ట తెరిచి పేరు రాసింది, రేపు నాలుగోసారి చేస్తుంది, వచ్చిందే రాస్తుంది, తప్పు కనబడితే కనబడనీ, పని చేసిన మనిషి కనబడకుండా పోకూడదు.