మాసయ్య కొన్న మైనం దీపం

మా ఆయన దేవదాసు చెప్పే మాటల్లో రూపాయికి బారాణా అబద్ధమేనని కొత్తకోటలో అందరికీ తెలుసు. పెళ్లైన పదేళ్లలో నేనే ఎన్నిసార్లు మోసపోయానో! అందుకే బొంబాయి నుంచి ఒక్కడే తిరిగొచ్చి, "మాసయ్య జరమొచ్చి పోయిండు అత్తా, ఆఖరి దాంక నేను పక్కకే ఉన్న" అన్నప్పుడు మా అమ్మ జోగమ్మ నమ్మలేదు. మాసయ్య నా తమ్ముడు. ఇద్దరూ కలిసే కట్టుబడి పనికి వెళ్లారు.

"నా కొడుకు పరాయి ఊర్లె దిక్కులేని సావు సచ్చిండు. గీయన యాడ తాగి పడ్డడో!" అని అమ్మ ఒకటే ఏడుపు.

తమ్ముడు అమ్మ కోసం పాత సామాన్ల బజారులో కొన్న దీపాన్ని మా ఆయన చీరలో చుట్టి తెచ్చాడు. కింద ఇత్తడి దిమ్మ, అందులో బల్బు. పైన మూత బిగించిన గాజు సీసా, దాని నిండా నీళ్లు, అడుగున ఎర్ర మైనం. "ఎలిగిస్తే మైనం ముద్దలు ముద్దలుగ పైకి లేస్తది, మల్ల దిగుతది. మాసయ్య రోజూ సూసేటోడు" అన్నాడు. వెలిగించాం. నాలుగు రోజులు చూశాం. మైనం అడుగు నుంచి కదిలితే ఒట్టు.

"దీపం ముచ్చట అబద్ధం. పక్కకు ఉన్నదీ అబద్ధమే" అంది అమ్మ. ఆ రోజు నుంచి ఆయనతో మాట్లాడటం మానేసింది.

నాకు ఒళ్లు మండింది. ఆయన మీదా, అమ్మ మీదా, ఆ సీసా మీదా కూడా. ఆయన అబద్ధమాడే ముఖం నాకు తెలియనిదా? ఈసారి ఆ ముఖం కాదు. దీన్ని కదిలించేదాకా వదలనని పంతం పట్టాను.

ఆయన సీసాను మందుసీసాలా ఊపబోతే చేతి మీద ఒకటిచ్చాను. కరెంటు పని చేసే బాలరాజు వచ్చి, "నీళ్లు పాతబడ్డయి వదినా, మూత తీసి మారుద్దాం" అన్నాడు.

"మూత మీద చెయ్యేస్తివా బిడ్డా, చెయ్యి ఇరుగుతది!" అన్నాను.

మర్నాడు పొద్దున తలకు రాసుకుందామంటే కొబ్బరినూనె గడ్డకట్టి ఉంది. తొంభై రెండు జనవరి, చలి అలాంటిది. నూనె సీసాను ఎండలో పెట్టాను. పెట్టి, ఆగి, లోపలికి పరుగెత్తాను. రాత్రి ఆర్పడం మరిచిన దీపం ఇంకా వెలుగుతోంది. సీసా అడుగు పట్టుకుంటే పేరుకే వెచ్చగా ఉంది. బల్బు పీకి చూద్దును కదా, జీరో బల్బు!

"ఏందయ్యా ఇది?"

"అసలు బల్బు రైల్ల పలిగింది. పండుకునేటప్పుడు పెట్టే దీపమే కదా, జీరో సాలనుకున్న" అని నసిగాడు.

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మైనం కరగాలంటే సెగ వద్దా?"

బాలరాజు దగ్గర నలభై వాట్ల బల్బు తెచ్చి బిగించాను. అరగంటైంది, గంటైంది. ఏమీ లేదు.

"ఓల్టేజి తక్కువుంది, బంద్ జెయ్యి" అన్నాడాయన.

ముట్టుకుంటే సీసా కాలుతోంది. "కూసో" అన్నాను. మూడో గంటలో మైనం కొస ఉబ్బింది, సాగింది, ఒక ముద్ద తెగి మెల్లగా పైకి తేలింది. దాని వెనకే ఇంకొకటి.

"అమ్మా!" అని అరిచాను. మా ఆయన మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు.

అమ్మ గడపలో నిలబడి చాలాసేపు చూసింది. తర్వాత వచ్చి ఆయన ఎదురుగా చతికిలబడింది.

"అల్లుడా, నా కొడుకు నోట్ల నీళ్లు పోసినవా?"

"పోసిన అత్తా. రెండు గుక్కలు మింగిండు."