లూయీ పెరట్లో ఏడు స్టూడిబేకర్లు

ఆరేసిన దుప్పట్లు తీసుకుని వస్తూ ఇర్మా బోడ్నార్ పెరట్లోని పాత కారు బంపరు తట్టుకుని బోర్లా పడింది. మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో పిండికట్టు వేయించుకుని బయటికొస్తూ మొగుడితో ఒకటే మాట అంది.

"లూయీ, ఆ ఏడు కార్లుండాలో, నేనుండాలో తేల్చుకో."

లూయీ కాసేపు ఆలోచించాడు. ఆలోచించడమే అతను చేసిన తప్పు. ఇల్లు చేరేదాకా ఇర్మా నోరు మూతపడలేదు.

వాళ్ల ఊరు సౌత్ బెండ్‌లో స్టూడిబేకర్ కార్ల ఫ్యాక్టరీ మూతపడి అప్పటికి నలభై ఏళ్లు. మూసేనాటికి లూయీకి ఇరవై నాలుగు. కార్లకి తలుపులు బిగించేవాడు. ఆ తరవాత పాల వ్యాను తోలాడు, ఒక స్కూల్లో బాయిలరు చూసుకున్నాడు, రిటైరయ్యాడు. అయినా ఏం పని చేస్తావని ఎవరడిగినా "స్టూడిబేకర్లకి తలుపులు బిగిస్తా" అనే చెప్పేవాడు. ఎక్కడ ఆ కారు దిక్కులేకుండా పడున్నా ఇంటికి లాక్కొచ్చేవాడు. అలా పెరడు నిండింది.

కార్లు అమ్ముతామని పేపర్లో ప్రకటన లూయీయే రాశాడు. "స్టూడిబేకర్లు ఏడు. కొన్ని నడుస్తాయి. బేరాలాడేవాళ్లు, రంగులు మార్చేవాళ్లు, ఊరికే చూసిపోయేవాళ్లు రావద్దు."

"ఇంకెవడొస్తాడు?" అంది ఇర్మా.

"సరైనవాడు."

ఇర్మా పేపరాఫీసుకి ఫోన్ చేసి, మొదటి ముక్కా ఫోన్ నంబరూ ఉంచి మిగతాదంతా కొట్టేయించింది.

మొదట షికాగో నుంచి ఫెల్డ్‌క్యాంప్ అనే పళ్ల డాక్టరొచ్చాడు. ఏడింటిలో హాక్ మోడల్ కారు చుట్టూ తిరిగి తెగ ముచ్చటపడ్డాడు. లూయీ మడత కుర్చీ వేసుకుని అతని ముందు కూర్చున్నాడు.

"చలికాలంలో ఎక్కడ పెడతారు?"

"గరాజ్‌లో."

"వెచ్చగా ఉంటుందా?"

"ఎవరికి, కారుకా?"

"మరి మీకా? సరే, ఇంతకుముందున్న కారునేం చేశారు?"

"అమ్మేశాను."

లూయీ పెళ్లాం వైపు తిరిగాడు. "విన్నావా? అమ్మేశాట్ట!"

"మనం చేస్తున్నదేంటి మరి!" అంది ఇర్మా.

డాక్టరుకి పరిస్థితి అర్థం కాలేదు. పాత ఇంజను పీకేసి కొత్తది పెట్టిస్తానని నోరు జారాడు. లూయీ లేచి వెళ్లి గేటు బార్లా తీశాడు.

"మీరు పళ్లు పీకుతారుగా డాక్టరుగారూ. పళ్లతో సరిపెట్టుకోండి."

ఆ పూట ఇర్మా వంట చెయ్యలేదు. లూయీ డబ్బాలో బీన్స్ చల్లగానే తిన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం ఎల్కార్ట్ నుంచి జెనీవా ప్రూయెట్ వచ్చింది. ముప్ఫై ఏళ్లు స్కూలు బస్సు తోలిన మనిషి. ట్రక్కుకి ట్రెయిలర్ కూడా తగిలించుకునే వచ్చింది. లూయీ కుర్చీ విప్పేలోపే హాక్ కారు తలుపు తీసి వేసింది. మళ్లీ తీసి, చెవి దగ్గరపెట్టి మెల్లగా వేసింది.

"ఇది బిగించినవాడెవడోగానీ చెయ్యి తిరిగినవాడు" అంది.

లూయీ అడగాలనుకున్న ప్రశ్నలన్నీ మర్చిపోయాడు. "నేనే" అన్నాడు. "అంటే, అయ్యుండచ్చు."

"అటువైపు తలుపు మాత్రం మీరు కాదు. కిర్రుమంటోంది."

"అటువైపు వేరేవాళ్లులెండి!" అన్నాడు లూయీ సంబరంగా.

గంటలో ఆరు కార్లకి బేరం కుదిరింది. ఆమె ధర తగ్గించమని అడగనే లేదు. లూయీయే తగ్గించుకుంటూ పోతుంటే ఇర్మా మధ్యలో దూరి పైకి లాక్కొచ్చింది.

"మరి ఆ లార్కో?" అంటూ జెనీవా కంచె పక్కనున్న ఏడో కారు వైపు నడిచింది.

అక్కడొచ్చింది ఇర్మాకి చిక్కు. ఇన్నాళ్లూ ఏడు, ఏడు అని అరిచిందేగానీ, ఆ లార్క్‌ని ఆమె ఏనాడూ కారనుకోలేదు. అది తన గది. మొగుడు మధ్యాహ్నం కునుకు తీసే వేళ అందులో కూర్చుని, రేడియోలో బేస్‌బాల్ వింటూ రెండు సిగరెట్లు కాల్చుకునేది. పద్నాలుగేళ్ల కిందట మానేశానని ఊరందరికీ, ఆఖరికి చర్చిలో ఫాదర్‌కి కూడా చెప్పిన సిగరెట్లు.

"ఆగండాగండి!" కట్టు చెయ్యి ఊపుకుంటూ పరిగెత్తింది. "దీన్నెక్కడ పెడతారు?"

"షెడ్డులో."

"కురుస్తుందా?"

"కురవదు."

"ఎలకలు?"

"పిల్లులున్నాయిగా."

"పిల్లులా! సీట్లు గీకి పారేస్తాయి. ఇవ్వను."

కానీ అప్పటికే జెనీవా తలుపు తీసింది. గుప్పున పొగాకు వాసన. నిండిపోయిన బూడిద గిన్నె, మెత్తటి దిండు, సగం పూరించిన గళ్లనుడికట్టు. ముగ్గురూ వంగి చూశారు.

లూయీ మెల్లగా తలుపు వేసేశాడు. "అది అమ్మకానిక్కాదమ్మా. మా ఆవిడది."

జెనీవా హాక్‌ని ట్రెయిలర్ ఎక్కించుకుని, మిగిలిన ఐదింటికీ మళ్లీ వస్తానని వెళ్లిపోయింది. ట్రక్కు వీధి మలుపు తిరిగేదాకా లూయీ గేటు పట్టుకుని నిలబడ్డాడు. ముక్కు చీదుకుని వెనక్కొచ్చేసరికి ఇర్మా లార్క్‌లో కూర్చుని ఉంది.

"నీకెప్పట్నుంచి తెలుసు?" అంది, మొహం చూడకుండా.

"పద్నాలుగేళ్లబట్టీ."

"మరి ఒక్కసారీ అడగలేదేం?"

"అడిగితే మానేస్తావు. మానేస్తే ఇంట్లోకొచ్చి కబుర్లు మొదలెడతావు. నాకింక కునుకెక్కడిది?"

ఇర్మా కట్టు చేత్తోనే ఒక్కటిచ్చింది. నొప్పి ఆమెకే పుట్టింది.

"అయినా ఇన్నేళ్లూ ఆ రేడియో దానంతటదే మోగిందనుకున్నావా? బ్యాటరీలు మార్చిందెవరు?" అన్నాడు లూయీ భుజం రుద్దుకుంటూ.

ఇర్మా పక్కకి జరిగింది. దిండు తీసి అతనికి చోటిచ్చింది. రేడియో పెట్టేసరికి ఆట ఏడో ఇన్నింగ్స్‌లో ఉంది. వాళ్ల జట్టు ఘోరంగా ఓడిపోతోంది. ఇద్దరూ కలిసి నోరారా తిట్టుకుంటూ కూర్చున్నారు.