అచ్చియ్యమ్మ బారసాల

మా వంటింటి గట్టు ఇవాళ ఎందుకో చాలా పొడుగ్గా ఉంది, స్టవ్వు దగ్గర మొదలై, సింకు దాటి, గోడ ఉండాల్సిన చోట గోడన్నది లేకుండా సాగిపోయి, ఆ చివరికి వెళ్లేసరికి ఆసుపత్రి హాల్లో ఉండే ఇనప కుర్చీల వరుసైపోయింది, ఆ కుర్చీల్లో ఒకదాని మీద మా అత్తయ్యగారు కాళ్లు రెండూ పైకి మడుచుకుని కూర్చుని, ఒళ్లో పళ్లెం పెట్టుకుని చింతపండులో పిక్కలు తీస్తున్నారు. ఆవిడ పోయి ఏడాది అవుతోందని నాకు తెలుసు, తెలిసినా ఇందులో వింతేమీ కనిపించడం లేదు, పైపెచ్చు ఒళ్లు మండుతోంది, రేపు ఈవిడ సంవత్సరీకానికే కదా పొద్దుటి నుంచి ఇత్తడి సామానంతా తోమి తోమి నడుం విరగ్గొట్టుకున్నాను, మనిషి ఇక్కడే ఉంటే ఒక్క మాట చెప్పొద్దూ!

"ఎప్పుడొచ్చారండీ?" అంటున్నాను.

"వచ్చి చాలాసేపయ్యింది. పిలుస్తారేమోనని కూర్చున్నా."

హాలుకి ఆ కొసన నర్సు బల్ల ఉంది, బల్ల వెనకాల తెల్ల టోపీ పెట్టుకుని కూర్చున్నది నర్సు కాదు, మా చిన్నది తార, ఐదేళ్ల పిల్ల, దాని కాళ్లు నేలకి అందక ఊగుతున్నాయి, అది ఒక్కొక్క పేరే పిలుస్తుంటే కుర్చీల్లో వాళ్లు లేచి మా ఫ్రిజ్ పక్క నుంచి లోపలికి వెళ్తున్నారు. నేనూ వెళ్లి అత్తయ్యగారి పక్కన కూర్చుంటాను, చెయ్యి ఊరుకోక పళ్లెంలోంచి ఒక రెబ్బ తీసుకుని నేనూ పిక్కలు తియ్యడం మొదలుపెడతాను.

"నా పేరు పిల్లికి పెట్టేరంట కదే," అంటున్నారావిడ తల ఎత్తకుండా.

నాకు తల కొట్టేసినట్టయింది. ఏ మాట ఈవిడ చెవిన పడకూడదని నెల రోజుల నుంచీ దేవుడి పటం ముందు దండాలు పెట్టుకుంటున్నానో సరిగ్గా ఆ మాటే పట్టుకున్నారు, ఎవరు మోశారో ఇక్కడిదాకా!

"నేను పెట్టలేదండీ, మీ మనవరాళ్లే పెట్టారు," అని మొదలుపెట్టి ఉన్నదున్నట్టు చెప్పేస్తున్నాను, ఆవిడ పోయిన దినాల్లో వచ్చిన పెద్దవాళ్లందరూ 'ఇక ఈ ఇంట్లో పుట్టే బిడ్డకి అచ్చియ్యమ్మ పేరే పెట్టుకోవాలి' అని మా ఆయనకి చెప్పి, నా పొట్ట వంక చూసి మరీ వెళ్లారు కదా, ఇద్దరితోనే చస్తున్నాను బాబోయ్ అని నేను ఆ మాట అక్కడే వదిలేశాను, తార మాత్రం పట్టుకుంది, మొన్న వానల్లో వీధి పిల్లి ఒకటి వచ్చి మన అటక మీద పాత దుప్పట్లలో పిల్లల్ని పెట్టింది, ఒక్కటే బతికింది, తల్లి దాన్ని వదిలేసి దాని దారిన అది పోయింది, నేను బజారుకెళ్లి వచ్చేసరికి మన పెద్దది శ్రావ్య పళ్లెంలో బియ్యం పోసి వేలితో అచ్చియ్యమ్మ అని రాసేసింది, చిన్నది పిల్లి చెవిలో పేరు ఊదేసింది, ఇద్దరూ కలిసి ఎదురింటి పిల్లలకి బెల్లం ముక్కలు కూడా పంచేశారు, ఇదేం పనే అని చెయ్యెత్తితే 'ఇంట్లో పుట్టింది కదమ్మా' అంది తార.

"అయితే మాత్రం పిల్లికా!" అత్తయ్యగారు చింతపిక్కని విసిరికొడుతున్నారు, అది ఎక్కడా పడిన చప్పుడు లేదు. "పనికెళ్తుంటే ఎదురొచ్చిందంటే గుమ్మంలో కూలబడి మంచినీళ్లు తాగి గానీ కదిలేదాన్ని కాదు, ఆ జాతికా నా పేరు! ఏ ఆవుదూడకో పెట్టకపోయేరా?"

"ఆవుదూడని ఆ అద్దె పోర్షన్లో ఎక్కడ కట్టెయ్యమంటారు, టీవీకా?"

ఆవిడకి నవ్వొచ్చింది, నవ్వు ఆపుకోడానికి పెదాలు బిగబట్టారు, బిగబట్టినప్పుడు మొహంలో ముడతలు పోయి, నా వైపున్న చెంప దగ్గర జుట్టు నల్లగా అయిపోయింది, అవతలి వైపు తెల్లగానే ఉంది. నాకు ఎంత ముద్దొచ్చారో చెప్పలేను. బతికున్నప్పుడు అత్తగారిని ముద్దొస్తున్నారని ఎవరం అంటాం గానీ, ఇక్కడ అనేస్తున్నాను.

"ముద్దూ లేదు, పాడూ లేదు. ఏడుపు మొహం ఎందుకేసుక్కూర్చున్నావో చెప్పు."

చెప్తున్నాను. రేపు పొద్దుట భాను వదిన వస్తోంది. అంటే ఈవిడ కూతురే, మా ఆయనకి అక్క. తల్లి పోయినప్పుడు ఆవిడ ఏడ్చిన ఏడుపుకి గొంతు పోయి చాలా రోజులు సైగలే చేసింది, అలాంటి మనిషి సంవత్సరీకానికి వచ్చేసరికి ఇంట్లో పిల్లలు 'అచ్చియ్యమ్మా, చేప తోక తింటావా', 'ఛీ అచ్చియ్యమ్మా, పరుపు మీద పోసేవా' అని వీధి చివరికి వినబడేలా అరుస్తుంటే ఆవిడ గుండె ఆగిపోదూ? అమ్మని అంత తేలిక చేశారా అనదూ? పేరన్నా మార్చు, పిల్లినన్నా మార్చు అన్నాడు మా ఆయన. పేరు మారుద్దామని నేను దాన్ని చిట్టీ అన్నాను, బుజ్జీ అన్నాను, అది పలకదు, పిల్లలు ఒప్పుకోరు. దాంతో ఆయన ఇవాళ పొద్దున్నే మూతున్న బుట్ట ఒకటి తెచ్చి వసారాలో పెట్టాడు, సాయంత్రం తీసుకెళ్లి చేపల రేవు దగ్గర వదిలేస్తాడట.

"తార ఆ బుట్ట చూసిందండీ," అంటున్నాను. "చూసి, 'నాన్నమ్మని మళ్లీ పంపేస్తారా' అంది. అంతే, ఇంక ముద్ద ముట్టలేదు."

అత్తయ్యగారి చెయ్యి పళ్లెంలో ఆగిపోయింది. ఆ కొసన బల్ల వెనక తార ఎవరి పేరో పిలుస్తోంది, నాకు వినబడదు, ఆవిడ దాన్నే చూస్తున్నారు. పుట్టిన దగ్గర నుంచీ నాన్నమ్మ కొంగు వేలికి చుట్టుకుంటే గానీ నిద్రపోని పిల్ల, ఈవిడ పోయాక ఆ ఊసే ఎత్తడం మానేసింది, నాన్నమ్మ అన్న మాటే దాని నోట రాలేదు, ఆ పిల్లిపిల్ల వచ్చాకే మళ్లీ రోజంతా వాగుడు, దాన్ని ఒళ్లో పెట్టుకుని ఈవిడ చెప్పిన కథలే ఈవిడ చెప్పినట్టే చెబుతుంది, మధ్యలో ఆగి 'ఊ కొట్టు' అంటుంది. ఆ పిల్లినిప్పుడు బుట్టలో పెడితే నా పిల్ల మళ్లీ నోరు మూసుకుంటుంది. నాకున్న భయమల్లా అదే, అటు వదిన, ఇటు ఇది, మధ్యలో నేను చస్తున్నాను.

"నువ్వేమని పిలుస్తున్నావే దాన్ని?" అంటున్నారావిడ.

"నేనా? ఇదుగో అంటున్నాను. మీ పేరు నా నోటితో ఎలా అంటానండీ!"

"మీ మావయ్యగారూ అంతే. కాపురానికొచ్చిన రోజు నించీ ఆయన పోయేదాకా ఇదుగో. ఆ పిల్లిని నేననుకునే పిలుస్తున్నావన్నమాట!" అని ఈసారి ఆపుకోకుండా నవ్వుతున్నారు, కుర్చీల వరుసంతా ఆ నవ్వుకి గడగడలాడుతోంది, నవ్వుతూ నవ్వుతూ నా మోచెయ్యి పట్టుకుని, "ఇక్కడే కదే, ఇదే కుర్చీ కదా," అంటున్నారు.

ఇదే కుర్చీ. మోకాళ్ల నొప్పులకని తీసుకొచ్చాను ఆ రోజు, నర్సు లోపల్నించి 'అచ్చియ్యమ్మా, అచ్చియ్యమ్మా' అని గొంతు చించుకుంటోంది, ఈవిడ చుట్టూ చూసి 'పాపం ఎవరో ఆవిడ, లేవడం లేదు' అన్నారు, నేను మోచేత్తో పొడిచేసరికి మా వంతు దాటిపోయింది, మళ్లీ అందరి వెనకా కూర్చున్నాం.

"నాది అని తట్టలేదే. ఎన్నేళ్లయిందో విని! రేషను కార్డులో ఉంటే ఎవరు చూసేరు? మా అమ్మ పిలిచేది, సందేళప్పుడు వీధి గుమ్మంలో నించుని, అచ్చియ్యా, బువ్వకి రావే అని. ఎక్కడాడుతున్నా పరిగెత్తుకొచ్చేదాన్ని." ఆవిడ కాళ్లు కుర్చీ మీంచి కిందకి దించారు, అవి తార కాళ్లలాగే నేలకి అందకుండా ఊగుతున్నాయి, రెండు జడలు భుజాల మీద పడుతున్నాయి, చింతపండు పళ్లెం మాత్రం ఒళ్లోనే ఉంది. "పెళ్లయ్యాక ఇంక ఆ పేరు లేదు. తమ్ముడు అమ్మా అంటే టిఫిను పెట్టాలి. వదినా అంటే పురుడు పొయ్యాలి. నువ్వు అత్తయ్యా అన్నావంటే ఒకటే, పిల్లనెత్తుకోవాలి."

"తమ్ముడు కాదండీ, మీ అబ్బాయి," అంటున్నాను.

"ఎవడైతేనేం, టిఫిను టిఫినే."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వస్తున్నాయి. అడగకూడదనుకుంటూనే అడిగేస్తున్నాను, "ఆఖరి రోజు నేను ఎన్నిసార్లు పిలిచాను! అత్తయ్యా, అత్తయ్యా అని చెవి దగ్గర అరిచాను. ఒక్కసారి కూడా పలకలేదు మీరు."

"విన్నానే," అంటున్నారు నా వేళ్లకంటుకున్న చింతపండుని తన కొంగుతో తుడుస్తూ. "వాడు అమ్మా అంటున్నాడు, అమ్మాయి అమ్మా అంటోంది, పిల్లలు నాన్నమ్మా, నువ్వు అత్తయ్యా. బాబోయ్, లేస్తే ఎంత పనుందో అనిపించింది. కాసేపు పడుకుని లేద్దామనుకున్నా. అంతే గానీ నీ మీద కోపంతో కాదే పిచ్చిదానా."

ఆ మాట కోసం ఏడాది నుంచి కూర్చున్నట్టున్నాను నేను, ఆవిడ భుజం మీద తల పెట్టేస్తున్నాను, భుజం దగ్గర గంజి పెట్టిన చీర వాసన, కుంకుడుకాయ వాసన.

"మరి ఆ పిల్లిని అచ్చియ్యమ్మా అని పిలిచి ఏం పని చెప్తారు మీరు?" అంటున్నారావిడ నా తల మీద నుంచి.

"పిల్లికి పనేముంటుందండీ? పాలు తాగమంటారు. ఒళ్లో పడుకోమంటారు. బయట వాన పడుతోంది, లోపలికి రమ్మంటారు."

"చూసేవా! ఆ పేరుకి పనేం లేదు. మా అమ్మ దగ్గరా లేదు, ఇప్పుడూ లేదు." పళ్లెంలోంచి ఇంకో రెబ్బ తీసుకుని, "ఉంచుకోనీ దాన్ని," అంటున్నారు.

"మరి వదిన?"

"దాని సంగతి నాకొదిలెయ్. నువ్వు నన్నోసారి పిలు. ఎప్పుడూ పిలవలేదు కదా."

తల ఎత్తి నోరు తెరుస్తున్నాను, 'అ' దాకా వస్తోంది, అక్కడి నుంచి నాలిక కదలదు, పెళ్లిచూపుల నాటి నుంచి కుట్టేసిన నోరాయె, మళ్లీ ప్రయత్నిస్తున్నాను, నోట్లో చింతపిక్క అడ్డం పడినట్టుంది, ఆవిడ రెండు జడలతో నా మొహంలోకి చూస్తూ, పరవాలేదు, పిలు, పిలు అంటున్నారు, ఇంతలో మా వెనక నుంచి, లేని గోడ అవతల నుంచి, ఎవరో ఆడమనిషి గొంతెత్తి పిలిచేస్తోంది, "అచ్చియ్యమ్మా! పాలు తాగుదువుగాని రావే తల్లీ!"

అత్తయ్యగారు పళ్లెం నా ఒళ్లో పెట్టేసి లేచారు, మోకాలి మీద చెయ్యి ఆన్చకుండా, అమ్మా అని మూలక్కుండా ఎంత అనాయాసంగా లేచారో, "వస్తన్నా!" అని కేకేస్తూ గట్టు పక్క నుంచి పరుగు తీస్తున్నారు, "అత్తయ్యా, ఆగండి, నేనింకా పిలవలేదు, అత్తయ్యా!" అని నేను వెనకాల అరుస్తున్నాను, ఆవిడ వెనక్కి తిరగడం లేదు.

కళ్లు తెరిచేసరికి వంటింట్లో చాప మీద ఉన్నాను. తోమిన గిన్నెలు పక్కన బోర్లించి ఉన్నాయి, కిటికీలోంచి మధ్యాహ్నపు ఎండ కాళ్ల మీద పడుతోంది. పెరటి వైపు నుంచి మళ్లీ అదే గొంతు వినబడింది.

"అచ్చియ్యమ్మా! రావే తల్లీ!"

భాను వదిన. రేపు రావాల్సిన మనిషి, బ్యాగు గుమ్మం పక్కనే పడేసి, పెరటి మెట్టు మీద కూర్చుని సాసరులో పాలు పోసుకుని పిలుస్తోంది. ఆవిడ భుజం మీద చెయ్యేసి తార నించునుంది. "ఇంకా గట్టిగా పిలవాలత్తా. వాషింగ్ మెషీన్ కింద దాక్కుంది. నాన్న బుట్ట చూసి భయపడింది."

నేను గబగబా లేచాను. "వదినా, పిల్లలు తెలీక పెట్టేశారు, నేను వద్దంటూనే ఉన్నాను, మీరు ఏమీ అనుకోకండి..."

వదిన నా వైపు తిరిగింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "తమ్ముడు పొద్దున్న ఫోన్లో చెప్పేడు. రేపటిదాకా ఆగితే దాన్ని ఎక్కడ పారేస్తాడోనని ఇవాళే బస్సెక్కేసేను," అంది. తర్వాత సాసరు వంక చూస్తూ, "అమ్మ పేరు ఇలా నోరారా పిలవడం నాకిదే మొదలే అనంతా. ఎంత బాగుందో! ఇందాకట్నించీ ఊరికే పిలుస్తున్నా," అంది.

నేను అక్కడే గుమ్మంలో కూలబడ్డాను.

"నాకు కొత్తేమో, రావట్లేదు," అంది వదిన. "రోజూ పాలు పోసేదానివి నువ్వేగా. నువ్వు పిలు."

నోరు తెరిచాను, మూశాను. ఇద్దరూ నా మొహంలోకే చూస్తున్నారు. ఇంక తప్పేలా లేదని కళ్లు గట్టిగా మూసుకుని పిలిచేశాను.

"అచ్చియ్యమ్మగారూ! పాలు తాగుదురుగాని రండి."

వదిన కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఏడ్చేసింది. "పిల్లికి గారేంటమ్మా!" అని తార గెంతులేసింది. వాషింగ్ మెషీన్ కింద నుంచి ముందు మీసాలు, ఆ తర్వాత బూజంటిన మొహం బయటికొచ్చాయి. ఆవిడ తీరిగ్గా ఒళ్లు విరుచుకుని, మా ముగ్గురినీ ఒకసారి చూసి, వచ్చి పాలు తాగారు.