ఇంగ్లిష్‌లోకి దిగితే ఫెయిల్

డిగ్రీ చేతికి రావాలంటే పరాయి భాష ఒకటి పాసవ్వాలని అమెరికాలోని ఆ యూనివర్సిటీ నియమం. భవిత తెలుగు తీసుకుంది. ఇంట్లో అమ్మానాన్నలు మాట్లాడేదే కదా, నల్లేరు మీద నడక అనుకుంది పాపం. డిసెంబర్ టెస్టులో బొక్కబోర్లా పడింది. ఈ ఏప్రిల్‌లోనూ తప్పితే డిగ్రీ లేదు, దాన్ని నమ్ముకుని ఒప్పుకున్న ఉద్యోగమూ లేదు.

టెస్టంటే ఒక తెలుగు పెద్దాయనతో ఫోన్లో కాసేపు మాట్లాడటం. టీచరు రాగిణి పక్కనే కూర్చుని స్పీకర్లో వింటుంది. మధ్యలో నాలుగు ఇంగ్లిష్ మాటలు దొర్లినా ఫరవాలేదు, పూర్తిగా ఇంగ్లిష్‌లోకి దిగితే మాత్రం ఫెయిల్. అవతలివైపు పరంధామయ్యగారు, ట్రాయ్ ఊళ్లో ఉండే రిటైర్డ్ గుండె డాక్టరు. ఆయనది ఇక్కడి మనవాళ్లందరికీ ఉన్న జబ్బే. పిల్లలు ఒక్క మాట తడుముకుంటే చాలు, జాలిపడి తామే ఇంగ్లిష్ అందుకుంటారు. డిసెంబర్లో జరిగిందదే. భవిత హమ్మయ్య అనుకుంటూ ఆయన వెనకే పోయి మునిగింది.

ఈసారి పిల్ల తడుముకుంది, ఆగింది, కానీ తెలుగు వదల్లేదు. రాగిణికి ముచ్చటేసింది. అంతలో భవిత, ఆంటీ బావున్నారా అని అడిగింది.

ఆయన భార్య ఫిబ్రవరిలో పోయిందని ఇటు ఇద్దరికీ తెలియదు. పరంధామయ్యగారు ఇంగ్లిష్‌లో చెప్పడం మొదలుపెట్టారు: ఏ వార్డు, ఏ మందులు, చివరికి ఏమైంది. ఎవరో పేషెంటు గురించి వాళ్ల బంధువులకు చెప్పినట్టు చెప్పుకుపోయారు.

నియమం గాలికి పోనీ, ఇంగ్లిష్‌లోనే ఓదార్చమని రాగిణి భవితకు సైగ చేసింది. తానైతే అదే చేసి ఉండేది. భవిత తల అడ్డంగా ఊపింది.

"అంకుల్," అంది మెల్లగా, ఒక్కో మాటా ఏరుకుంటూ. "ఆంటీ పొద్దున్నే మీకు ఏం చెప్పేది?"

"లేవండి, కాఫీ చల్లారిపోతోంది, అనేదమ్మా," అన్నారాయన. మళ్లీ తెలుగులోకి వచ్చేశారు. "ఇప్పుడు నేనే పెట్టుకుంటున్నా. చల్లారాక తాగుతున్నా."

ఇక ఆగలేదు పెద్దాయన. కొత్తగా వచ్చిన ఏడు ఆవిడ మంచులో హవాయి చెప్పులతో బయల్దేరడం, మెయిల్‌బాక్స్ దాకా వెళ్లకుండానే జారిపడి, లేచి, ఆయన్నే తిట్టడం. భవిత తర్వాతేమైంది అంటూ, తెలియని మాటకు అర్థం ఆయన్నే అడుగుతూ, నవ్వాల్సిన చోట నవ్వుతూ విన్నది. టైం అయిపోయినా రాగిణి ఆపలేదు. ఇది తాను నేర్పింది కాదని ఆమెకు తెలుసు. అయినా ఆ పిల్లని చూస్తుంటే కళ్లు నిండాయి.

చివరికి ఆయనే సర్దుకున్నారు. "అమ్మాయ్, నా సోదితో నీ టైమంతా తినేశాను. ఇంతకీ టెస్ట్ ఎప్పుడు స్టార్ట్ చేస్తావు?"

రాగిణి ఫోన్ దగ్గరికి వంగింది.

"అయిపోయింది డాక్టరుగారూ. పాసయింది."