గుల్లలు పట్టిన కెప్టెన్

పొద్దుగూకే వేళకి గీకుడమ్మ పని నుంచి ఇంటికొచ్చి, చేతులు కడుక్కుని, కాసిని టీనీళ్లు తాగి మళ్లీ పనికి కూర్చునేది. పగలంతా ఒడ్డుకి లాగిన ఓడల అడుగున పట్టిన గుల్లలు గీకడం ఆమె ఉద్యోగం. సాయంత్రం మొగుడి కాళ్లకి పట్టిన గుల్లలు గీకడం ఆమె సంసారం. రెండింటిలో ఓడలే నయం. గీకుతున్నంతసేపూ నోరెత్తవు.

మొగుడు వంటింటి గడప మీద కూర్చుని కాళ్లు నీళ్లతొట్టిలో పెట్టేవాడు. ఆమె వెడల్పాటి ఇనపబద్దతో మడమ దగ్గర మొదలుపెట్టి, పిక్కల మీదుగా మోకాలి దాకా వచ్చేది. తెల్లటి గుల్లలు టపటపా పళ్లెంలో రాలుతుంటే అతను ఆ రోజు రేవు సంగతులు చెప్పేవాడు.

"ఇవాళ సిమెంటు ఓడ ఎడమ పక్కకి ఒరిగి వచ్చింది. సరుకు సర్దడం చేతగాని వెధవలు."

"వాళ్లతో చెప్పలేకపోయావా?"

"నేను చెబితే వింటారా?"

"నేను వింటున్నాగా. ఆ రెండో కాలు ఇటు పెట్టు."

రేవుగోడ మీద కూర్చుని వచ్చే ఓడల్నీ పోయే ఓడల్నీ చూసేవాళ్లకి ఆ ఊళ్లో గుల్లలు పట్టడం మామూలే. వానలో తడిస్తే పడిశం పట్టినట్టే అదీను. వల లాగేవాడి కాళ్లు రోజంతా ఉప్పునీళ్లలో నానినా ఒక్క గుల్ల అంటుకోదు. బస్తాలు మోసేవాడికి అంటుకోదు. ఊరికే కూర్చుని చూసేవాడికి మాత్రం కాళ్లు పొడిగా ఉన్నా పట్టేస్తాయి.

అలా చూసేవాళ్ల గుంపుని ఊళ్లో గోడసభ అనేవాళ్లు. రిటైరైన తపాలా గుమస్తా ఒకడు, అల్లుడింట్లో తింటున్న లావుపాటాయన ఒకడు, పెళ్లాం కుట్టుమిషను మీద బతుకుతున్న బక్కాయన ఒకడు. వీళ్లందరికీ పెద్దదిక్కు గీకుడమ్మ మొగుడు. ఓడ ఎటు తిరగాలో, ఎప్పుడు ఆగాలో గోడ మీది నుంచే ఆజ్ఞలు వేస్తాడని అతన్ని కెప్టెన్ అని పిలిచేవాళ్లు. అది వెటకారమని ఊరంతటికీ తెలుసు, అతనికి తప్ప. చిన్నప్పుడెప్పుడో ఒకసారి పడవెక్కి, రేవు దాటకముందే వాంతి చేసుకుని దిగిపోయిన మనిషి.

ఓడ వస్తే వచ్చిందనడం, పోతే పోయిందనడం, మధ్యలో వంకలు పెట్టడం, ఇదీ గోడసభ చేసే పని. వీళ్లు కళ్లప్పగించి చూడకపోతే ఓడ దారి తప్పి ఏ కొండెక్కుతుందో అన్నంత శ్రద్ధ. మాటలు కోటలు దాటేవి, కాళ్లు గడప దాటేవి కావు. మధ్యాహ్నం భోజనం కూడా ఇంటి ఆడవాళ్లే డబ్బాల్లో పెట్టి తెచ్చి ఇచ్చేవాళ్లు.

రోజూ గీకే దిక్కు లేకపోతే గుల్లలు మోకాళ్లెక్కి, నడుమెక్కి, మనిషిని గోడకి అతికించేసేవి. గొంతు దాటితే ఇక మాటా పలుకూ ఉండదు, గుంజ అయిపోయినట్టే. ఓడల మోకులు తగిలించుకోవడానికి రేవు ఆఫీసువాళ్లు ఇంతవరకూ ఒక్క గుంజ కొని పాతలేదు. ఉన్నవన్నీ ఒకప్పుడు ఎవరికో ఒకరికి మొగుళ్లో, అన్నలో, మామగార్లో. వాళ్లకి ఏటేటా పసుపురంగు వేయిస్తారు. కదిలే రోజుల్లో ఇంట్లో ఎవరికీ ఒక్క పూట ఆసరా కానివాళ్లు ఇప్పుడు పెద్ద పెద్ద ఓడల్ని ఆపుతున్నారని వాళ్ల చుట్టాలు గొప్పగా చెప్పుకుంటారు. చెప్పుకోవడానికి సిగ్గుండక్కర్లేదు కదా.

ఒకరోజు మధ్యాహ్నం పరంజా పలక జారి గీకుడమ్మ నీళ్లలో పడింది. ఆమెకి ఈత రాదు. పడింది గోడకి ఎదురుగానే. గోడసభ మొత్తం అటు తిరిగింది. తపాలా గుమస్తా లేచి నిలబడబోయి, కాళ్లకి గుల్లలున్న సంగతి గుర్తొచ్చి కూర్చున్నాడు. బక్కాయన అయ్యయ్యో అన్నాడు.

"ఆ పలక వేసిన పద్ధతే తప్పు," అన్నాడు కెప్టెన్. "నేను ఎన్నాళ్ల నుంచో అంటున్నా."

నీళ్లు మింగుతూ మునిగి తేలుతున్న గీకుడమ్మకి ఆ ముక్క స్పష్టంగా వినబడింది. ఆమె చేత పని చేయించే మేస్త్రీ దూకి, జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగాడు.

ఆ సాయంత్రం కెప్టెన్ మామూలుగానే గడప మీద కూర్చుని కాళ్లు తొట్టిలో పెట్టాడు. ఆమె అటు తిరిగి పడుకుని ఉంది.

"గీకవా?"

"గీకను."

"ఎందుకని?"

"పద్ధతి తప్పేమో అని భయంగా ఉంది. నువ్వే గీక్కో."

ఇనపబద్ద చేతికందే దూరంలోనే ఉంది. అతను దాని వంక కాసేపు చూశాడు. వంగితే నడుం పట్టేస్తుందని తనకి తనే చెప్పుకుని, కాళ్లు తుడుచుకుని లేచాడు. ఆ మర్నాడూ అంతే, ఆ తర్వాతా అంతే. కాళ్లు ఈడ్చుకుంటూ గోడ దాకా పోయేవాడు, ఈడ్చుకుంటూ వచ్చేవాడు. కాస్త బరువుగా ఉన్నాయే అని ఒకసారి అన్నాడు. ఆమె కంచంలో అన్నం కలుపుకుంటూ ఊఁ అంది. కొన్నాళ్లకి ఒక సాయంత్రం అతను ఇంటికి రాలేదు.

ఆమె వెళ్లి చూడలేదు. చూసొచ్చిన ఆడపడుచు నేరుగా గీకుడమ్మ ఇంటికొచ్చి కూలబడింది.

"నలుగురూ ఏమనుకుంటున్నారో తెలుసా అమ్మాయ్? మొగుణ్ణి గోడకి వదిలేశావంటున్నారు."

"నేను వదలడమేంటి వదినా. గోడే మీ తమ్ముణ్ణి వదలట్లేదు."

"వాడికి చిన్నప్పటి నుంచీ కష్టమంటే తెలీదు."

"అది కనబడుతూనే ఉంది."

"ఇంకా నడుం దాకానే వచ్చాయి. నువ్వు అక్కడ కూర్చుని గీకితే రెండు రోజుల్లో లేచొస్తాడు."

"లేచొచ్చి?"

వదిన లేచి వంటింట్లోకి పోయింది. తమ్ముడికి భోజనం డబ్బా కట్టుకుని వెళ్లిపోయింది.

ఆ తర్వాత రేవు ఆఫీసు నుంచి ఒకాయన టేపు పట్టుకుని వచ్చి కెప్టెన్ చుట్టుకొలత తీసుకున్నాడు. దారిలో గీకుడమ్మ ఎదురైతే ఆగి నమస్కారం పెట్టాడు. "మీవారు చాలా అనువైన చోట కూర్చున్నారండీ. సిమెంటు ఓడకి సరిగ్గా సరిపోతుంది," అన్నాడు. పెళ్లికొడుకు వైపువాళ్లు సంబంధం ఖాయం చేసుకున్నంత సంతోషంగా ఉంది ఆ మొహం. ఆ వారమే సిమెంటు ఓడ మోకు తెచ్చి కెప్టెన్ తల మీది నుంచి నడుముకి తగిలించారు. అతను దానికీ పొంగిపోయాడట. ఓడే వచ్చి తనని పట్టుకుందని గోడసభతో అన్నాడట.

గీకుడమ్మకి ఇవతల వేరే దిగులు పట్టుకుంది. కుడిభుజం నానాటికీ పైకి లేవడం లేదు. ఓడ అడుగున వెల్లకిలా పడుకుని చేతులెత్తి గీకే పని ఎక్కువకాలం సాగేది కాదు. సాగకపోతే పెట్టేవాళ్లు లేరు. అలాంటప్పుడు ఒక పొద్దున మేస్త్రీ ఆమెని పక్కకి పిలిచాడు.

"అవతలి పెద్దరేవులో గీకే ముఠాకి పైమనిషి కావాలట. నీ సంగతి చెప్పాను. చేత్తో గీకే పని ఉండదు, చేయించే పని. ఉండడానికి యార్డులోనే గది."

"ఎప్పుడు వెళ్లాలి?"

"రేపు పొద్దున యార్డు తలుపు తీసేసరికి అక్కడుండాలి. లేకపోతే ఇంకొకామె కాచుకునుంది. మధ్యాహ్నం సిమెంటు ఓడ అటే పోతోంది. ఎక్కించుకుంటామన్నారు." మేస్త్రీ కాస్త తటపటాయించాడు. "మరి మీ ఆయన?"

"ఆయన్ని గీకి లేపాలంటే రెండు రోజుల పని," అంది గీకుడమ్మ.

మేస్త్రీకి అర్థమైంది. ఆమె ఇంటికి పోయి బట్టలు మూటగట్టి, తాళం వదినకి ఇచ్చేసి వచ్చింది. పోతున్నానని మొగుడికి చెప్పలేదు. అతని కళ్ల ముందు ఎన్ని ఓడలు పోలేదూ, ఇదీ ఒకటి పోతుంది, చూస్తాడు, వంక పెడతాడు, అనుకుంది. ఓడెక్కి ఒక చివర సరుకు పక్కన కూర్చుంది.

మధ్యాహ్నం దాటింది. పోటు దిగడం మొదలైంది. ఓడ ముందువైపు మోకు ఆఫీసువాళ్లు తీసేసి, ఎక్కే పలక లాగేసి వెళ్లిపోయారు. వెనకవైపు మోకు మాత్రం కెప్టెన్ నడుముకే ఉంది. దాన్ని తీయాల్సిన మనిషి పన్ను పీకించుకోవడానికి డాక్టరు దగ్గరికి పోయాడు. ఓడవాళ్లు దిగి తీయకూడదు. గుల్లలు పట్టిన మనిషిని పరాయి ఊరివాళ్లు ముట్టుకుంటే చుట్టాలు గొడవకొస్తారని ఆ రేవులో ఎప్పటి నుంచో ఉన్న కట్టుబాటు. ఓడ నడిపే ఆయన కూత మీద కూత వేయించాడు. నీళ్లు ఇంకో జానెడు దిగితే ఓడ అడుగు ఇసకలో కూరుకుంటుంది. మళ్లీ రేపటి పోటుకే కదలడం.

గోడసభకి పండగలా ఉంది. పన్ను ఇవాళే పీకించుకోవాలా అన్నాడు తపాలా గుమస్తా. ముందు వెనకవైపు మోకు తీసి తర్వాత ముందువైపుది తీయాల్సిందన్నాడు లావుపాటాయన. ఆఫీసుకి ఎవరైనా కబురు పెడితే బాగుండునన్నాడు బక్కాయన, ఎవరో ఒకరు పెడతారని అటూ ఇటూ చూస్తూ.

గీకుడమ్మ లేచి ఓడ అంచు దగ్గరికొచ్చింది. ఆమెకి ఒళ్లు మండిపోతోంది. తన బతుకు బాగుపడే ఒక్క అవకాశం, పక్కనున్న నీళ్లగ్లాసు అందుకోవడానికి కూడా పెళ్లాన్ని కేకేసే మనిషి నడుముకి తగులుకుని ఉంది. అడగడం కన్నా దూకి చావడం మేలనిపించింది.

కెప్టెన్ ఆమెని చూశాడు. మూట చూశాడు. గుల్లలు అప్పటికే చంకల దాకా పాకాయి.

"పెద్దరేవుకా?" అన్నాడు.

"ఎవరు చెప్పారు?"

"అక్క చెప్పింది."

అతను నీళ్ల వంక చూశాడు, గోడ మీద తడి గీత ఎక్కడిదాకా దిగిందో చూశాడు. ఏదో వంక పెట్టబోతున్నాడని ఆమె పళ్లు బిగబట్టింది.

అతను రెండు చేతులూ కిందికి దించి తడిసిన మోకుని పట్టుకున్నాడు. తీసే మనిషికైనా తోడుగా ఇంకొకడు కావలసినంత బరువు అది. మోచేతుల దగ్గర గుల్లలు పటపటా పగిలి నెత్తురొచ్చింది. "నీకెందుకు కెప్టెన్, అది వాళ్ల పని," అన్నాడు లావుపాటాయన. కెప్టెన్ ఇంకా పైకి లాగాడు. మోకుని రొమ్ము దాకా తెచ్చి ఆగాడు. ఊపిరి పీల్చుకుని భుజాల మీదికి తెచ్చాడు. మెడ వంచి, తల మీది నుంచి తప్పించి, ముందుకి తోసేశాడు. మోకు దభీమని నీళ్లలో పడింది.

"వెళ్లు. పోటు దిగిపోతోంది," అన్నాడు.

ఓడ కదిలింది. గీకుడమ్మకి ముందు కోపమే వచ్చింది. ఆ చేతులు అన్నాళ్లూ ఉన్నాయి. ఆమె మునిగిన రోజునా ఉన్నాయి. అంతా అయిపోయాక, ఆమె పోయేటప్పుడు, ఇప్పుడా లేచేది? ఇన్నాళ్లూ అతన్ని చీదరించుకుంటూ ధైర్యంగా బతికింది. అవతలి ఒడ్డున కూడా ఆ చీదరింపే తోడుంటుందనుకుంది. దాన్ని కూడా లాగేసుకున్నాడు. ఆమె రేవుగోడ వైపు వీపు పెట్టి కూర్చుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తిరిగి మాత్రం చూడలేదు. చూస్తూ కూర్చుంటే ఏమవుతుందో ఆమెకి ఒకరు చెప్పక్కర్లేదు.

రేవు కనుమరుగయ్యాక ఓడ వంటవాడు టీ తెచ్చి పక్కన పెట్టాడు. పెద్దవయసు మనిషి, మాటకారి.

"ఆ ఊళ్లో మీవాళ్లెవరైనా ఉన్నారా అమ్మా?"

"మా ఆయన."

"ఏం చేస్తుంటారు?"

ఎవరడిగినా, గోడ మీద కూర్చుని ఓడలు చూస్తాడని ఆమె దగ్గర ఒకటే జవాబు ఉండేది. అది నోటిదాకా వచ్చి ఆగింది. ఆమె గ్లాసు చేతిలోకి తీసుకుని, రెండు గుక్కలు తాగి, మొహం తుడుచుకుంది.

"రేవులో మోకులు తీస్తాడు," అంది.