గాజుల్లేని హారతి

దొర పక్షాన వచ్చిన సైన్యం రైతుకూలీల సంఘాన్ని ఓడించినప్పుడు ఊరు ఆనందంతో హారతి పట్టిందట. ప్రణీత బడి పుస్తకంలో అలాగే అచ్చయింది. ఎల్లారెడ్డి పక్కన తమ ఊళ్లో, వాకిట్లో చింతపండు గింజలు తీస్తున్న నానమ్మ భూదవ్వకు ఆ పిల్ల పాఠం చదివి, ఫొటో చూపించింది.

హారతి పళ్లెంతో సైన్యం ముందు నిలబడింది భూదవ్వ తల్లి. ఆమె కొంగు పట్టుకుని ఏడుస్తున్న ఆరేళ్ల పిల్ల భూదవ్వే. కింద ‘గ్రామస్థుల ఆనందం’ అని రాసి ఉంది.

"మా అవ్వ చేతులు చూడు బిడ్డా. గాజులున్నయా?"

లేవు.

"సంఘంల ఉన్నడని మా బాపును కాల్చి సంపిండ్రు. పదోనాడు అవ్వ గాజులు తీసిండ్రు. తెల్లారి తుపాకి చూపి పళ్లెం పట్టిచ్చిండ్రు. ముండమోసినామె హారతి పడ్తదా యాడనన్న?"

సంఘం పంచిన భూములు మళ్లీ దొర పాలయ్యాయి. తల్లి మాత్రం ఆ పళ్లెం పాపం తనదేననుకుని చచ్చేదాకా కుమిలింది. తుపాకి పట్టినవాడికి లేని సిగ్గు ఆమెకు మిగిలింది.

భూదవ్వ మాట విని, మర్నాడు నాట్లేసే ఆడకూలీలంతా తమ పెద్ద సాలవ్వ ఇంటి ముందు కూడారు. ఆ పాఠం మార్చాల్సిందే అన్నారు. వాళ్లలో బడికెళ్లే పిల్లలున్న సాయిలత ఒప్పుకోలేదు. ముసలోళ్ల గోసతో పిల్లల మార్కులు పోతాయని వాదించింది.

"మన భూమి గుంజుకున్నరని మన పిల్లలకు ఎవరు చెప్పాలె?" అంది సాలవ్వ. "గుంజుకున్నోడా?"

సాయిలత కూడా లేచి వాళ్లతో నడిచింది.

అందరూ కలిసి బడికి వెళ్తే, పుస్తకం తన చేతిలో లేదన్నాడు హెడ్మాస్టరు. పైగా ఎల్లుండి విద్యాశాఖ పెద్దసారు వస్తున్నాడని, ఆడవాళ్లంతా హారతులు పట్టుకుని రావాలని పురమాయించాడు.

వచ్చారు. పెద్దసారు కారు దిగేసరికి గేటు నుంచి మెట్ల దాకా పళ్లేలే. ఒక్క చేతికీ గాజు లేదు. మొగుడు బతికుండగా గాజులు తీయడమంటే మాటలా? సాయిలత కూడా పళ్లెం దించలేదు.

పెద్దసారు ముఖం పాలిపోయి రెండడుగులు వెనక్కి జరిగాడు.

"ఆనందం అంటే గిదేనా సారూ?" అని అడిగింది భూదవ్వ. "మీ పుస్తకంల గట్లనే ఉన్నది."

గొడవ చేస్తున్నారని హెడ్మాస్టరు పోలీసులను పిలిచాడు. జీపులోకి మొదట భూదవ్వనే ఎక్కించారు. కిటికీలోంచి బయటికి చూసి, అప్పటిదాకా ఏడవని ముసలామె బావురుమంది. ఆనాడు పళ్లెం పట్టిన తల్లి పక్కన ఆరేళ్ల తను తప్ప ఎవరూ లేరు. ఈనాడు సాయిలత, సాలవ్వ, వాళ్ల వెనక ఊరి ఆడవాళ్లంతా తమనూ ఎక్కించుకోమని జీపు చుట్టూ నిలబడ్డారు.

చోటు చాలక పోలీసులు ఇంకో బండికి ఫోను చేశారు.